మా అవ్వ మాటలు ప్రశ్న గుర్తులైపోయాయి: ఒక సెట్టింగు చరిత్ర



ఇక్కడ చరిత్ర పోస్టు అనగానే రంప పితూరీయో, 1/70 చట్టమో, పోలవరం ముంపో అనుకుంటారు. ఈసారి మేం రాస్తున్నది కంప్యూటర్లో కనపడకుండా కూర్చునే సెట్టింగుల చరిత్ర. కంప్యూటర్స్ చదివేవాళ్లకే అని దాటేయకండి. ఆ సెట్టింగులు ఒకదానితో ఒకటి తగువు పడటం వల్ల మేం ఆరు నెలలు పోగేసిన కోయ మాటలు ఒక్క సెకనులో పోయాయి. ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఆ వారంలో మాకు దొరికిందే ఇది.

మేం అంటే అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం. చింతూరు, మారేడుమిల్లి వైపు వాళ్లం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కోనసీమకి వచ్చిన కొత్తలో మాకు దారులు తెలిసేవి కావు. ఎటు చూసినా కొబ్బరి తోటలు, కాలవలు. కొండ కనపడకపోతే మాకు దిక్కు తెలియదు మరి. గోదావరి మాత్రం తెలిసిన మనిషే. కూనవరం దగ్గర శబరిని కలుపుకుని వెళ్లిన నది, ఇక్కడికొచ్చేసరికి గౌతమి, వశిష్ట, వైనతేయ అని చీలిపోయి సముద్రం దారి పడుతుంది.

హాస్టల్లో రోజంతా తెలుగే మాట్లాడతాం. రెండో ఏడాదికి ఒక సంగతి గమనించాం, ఇంటికి ఫోన్ చేసినప్పుడు కోయ మాటలు తడుముకుంటున్నాం. అందుకని ఒక జాబితా మొదలుపెట్టాం. ఏరు అంటే తెలుగువాళ్లకి వాగు, మనకి నీళ్లు. లోను అంటే ఇల్లు. పండుం అంటే పండగ. ఇలాంటి తేలికవి మాకు తెలుసు. తెలియనివి చెట్ల పేర్లు, చేపల పేర్లు, వల అల్లేటప్పుడు, విత్తనం చల్లేటప్పుడు వాడే మాటలు. మాలో ఒకడి అవ్వ ఫోన్‌లో చెబుతుంటే స్పీకర్ పెట్టుకుని రాసుకునేవాళ్లం. కొన్ని నోటుబుక్కులో రాశాం, కొన్ని నేరుగా ఫోన్‌లో టైపు చేశాం. లిపి తెలుగే వాడాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది గానీ, అది మాకు చదవడం రాదు.

నలుగురి ఫైళ్లూ కలిపి, వరస పెట్టి, రెండుసార్లు వచ్చిన మాటలు తీసేయడానికి పైథాన్‌లో పాతిక లైన్ల ప్రోగ్రామ్ రాశాం. కాలేజీ ల్యాబులో ఒక మిషన్ మీద నడిపాం. నల్ల తెర మీద మాటలన్నీ వచ్చాయి. గుణింతాలు, ఒత్తులు కాస్త చెదిరినా తెలుగే. సరే అని అదే ప్రోగ్రామ్‌ని ఇంకోసారి నడిపి, తెరమీద రావాల్సినదాన్ని ఒక ఫైలులోకి మళ్లించాం. ఎర్రర్ ఏమీ రాలేదు. పాత ఫైళ్లు ఉంటే గందరగోళం అని తీసేశాం. అదీ మా తెలివి.

మర్నాడు తెరిస్తే ఫైలంతా ప్రశ్న గుర్తులు. ఏరు ఉండాల్సిన చోట మూడు, లోను ఉండాల్సిన చోట నాలుగు, పండుం ఉండాల్సిన చోట ఐదు. పక్క గడిలో తెలుగు అర్థం రాశాం కదా, అవీ ప్రశ్న గుర్తులే. మాట పొడవు ఒక్కటే మిగిలింది.

మొదట ఫాంటు అనుకున్నాం. తెలుగు కనపడకపోతే అందరం ఫాంటునే తిడతాం. నాలుగు ఫాంట్లు మార్చాం, ప్రశ్న గుర్తులు అలాగే నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనపడతాయి, ఫాంటు పెట్టగానే అక్షరాలు తిరిగొస్తాయి. ప్రశ్న గుర్తు కనపడితే అది వేరే సంగతి, అక్షరం ఫైల్లోకి రానే లేదు. ఎవరో గుమ్మం దగ్గరే దాన్ని ఆపి, బదులుగా ప్రశ్న గుర్తుని లోపలికి పంపారు.

తర్వాత ప్రోగ్రామ్ తప్పేమో అనుకున్నాం. నోటుబుక్కు చూసి పది మాటలు మళ్లీ కొట్టి, మాలో ఒకడి లాప్‌టాప్‌లో నడిపాం. ఆ లాప్‌టాప్‌లో పాతికా ముప్పై పైథాన్ పాఠాలు చూసి ఏవేవో సెట్టింగులు పెట్టుకుని ఉన్నాడు. అక్కడ ఫైలు చక్కగా వచ్చింది. ల్యాబులో మళ్లీ ప్రశ్న గుర్తులు. అదే ప్రోగ్రామ్, అదే ఫైలు, మిషనే వేరు. పైథాన్ తీసేసి మళ్లీ వేశాం. మారలేదు. వీడియోల్లో చెప్పారని పైథాన్‌యూటీఎఫ్8 అనే వేరియబుల్‌ని 1 అని పెట్టాం. మారలేదు. ఫార్మాట్ కొట్టేద్దాం అన్నాడొకడు. కంప్యూటర్ తెలియని ఊళ్లో అదే మందు, కంప్యూటర్ తెలిసిన ఊళ్లోనూ అదే మందు.

ఆ వేరియబుల్ అంటే ఏంటి, అది ఎక్కడ ఉంటుంది, పెట్టినా ఎందుకు పట్టించుకోలేదు అని అడగడంతో అసలు చదువు మొదలైంది.

యూనిక్స్ 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. తొలి పదేళ్లు అందులో ఇప్పుడు మనం అనుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ లేవు. మీరొక కమాండ్ కొడితే షెల్ రెండు మూడు ఖాయమైన చోట్ల వెతికేది, దొరికితే నడిపేది, లేకపోతే లేదనేది. తగువు పడటానికి రెండో సెట్టింగంటూ లేదు. 1979లో, అంటే రంప పితూరీకి సరిగ్గా వందేళ్లకి, యూనిక్స్ ఏడో వెర్షన్ వచ్చింది. స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్ అందులోనే ఉంది. పాత్, హోమ్ లాంటి పేర్లు, వాటి విలువలు ఒక మూటగా కట్టి, ఏ ప్రోగ్రామ్ మొదలైతే దాని చేతికి ఇచ్చే పద్ధతి అక్కడ మొదలైంది. ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు ప్రోగ్రామ్‌ని ముట్టుకోకుండానే దాని నడత మార్చుకోవచ్చు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ రోజు నుంచి ఒకే ప్రశ్నకి ఇద్దరు జవాబు చెప్పే వీలు కూడా పుట్టింది.

ఆ మూటలో అసలు కిటుకు ఏంటంటే, ప్రోగ్రామ్‌కి ఇచ్చేది నకలు. పుట్టేటప్పుడు తల్లి దగ్గరున్న విలువల్ని రాసుకుని పుడుతుంది. తర్వాత బయట అసలు మారినా దాని దగ్గరున్న నకలు మారదు. అది తన నకలు దిద్దుకున్నా తల్లిది మారదు.

ఇది మాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. మాలో చింతూరు వాడి కాగితాలు చూస్తే ఎక్కింది. వాడి తాత పుట్టినప్పుడు వాళ్ల ఊరు తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం డివిజన్‌ని ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరుతో సహా కొన్ని పోలవరం ముంపు మండలాలని మళ్లీ తూర్పు గోదావరికి ఇచ్చారు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అదే రోజు ఈ అమలాపురం కూడా తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. తాత ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. మావాడి పుట్టిన తేదీ కాగితంలో ఖమ్మం, పదో తరగతి నాటి కుల ధ్రువపత్రంలో తూర్పు గోదావరి, డిగ్రీలో చేరేముందు తీసుకున్నదాంట్లో అల్లూరి. ఏదీ అబద్ధం కాదు. ఏ కాగితం ఎప్పుడు పుట్టిందో అప్పటి పేరు రాసుకుని పుట్టింది. ఫారం నింపేటప్పుడు మూడూ పక్కపక్కన పెడితే మాత్రం మూడు జిల్లాల మనిషి అవుతాడు.

కంప్యూటర్లోనూ అంతే. విండోస్ సెట్టింగుల్లో మీరు కొత్త విలువ పెడతారు. అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ విండో పాత నకలే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని మూసి కొత్తది తెరవాలి. విజువల్ స్టూడియో కోడ్ లోపల టెర్మినల్ వాడేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆ టెర్మినల్‌కి తల్లి ఆ ఎడిటరే. టెర్మినల్ ఒక్కటే మూసి తెరిస్తే చాలదు, ఎడిటర్ మొత్తం మూసి మళ్లీ తెరవాలి. సగం మంది ఇక్కడే పెట్టిన సెట్టింగు పనిచేయలేదనుకుని, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పెట్టుకుంటూ పోతారు. రెండు రోజుల తర్వాత అవన్నీ ఒకేసారి పనిచేయడం మొదలెడతాయి. అప్పుడుంటుంది పండగ.

రెండో ప్రశ్న, ఇద్దరు జవాబు చెబితే ఎవరి మాట చెల్లుతుంది? దీనికి ఒకే నియమం ఉంటే బాగుండేది. లేదు. ఒక్కో చోట ఒక్కోటి.

భాష సంగతే చూడండి. యూనిక్స్ ప్రపంచంలో భాషకి లాంగ్ అనే వేరియబుల్ ఉంది. దానికి తెలుగు అని చెబితే తేదీలు, సందేశాలు, అక్షరాల వరస అన్నీ తెలుగు పద్ధతిలో రావాలి. సందేశాలకి వేరు, తేదీలకి వేరు, డబ్బుకి వేరు అనుకుంటే ఎల్‌సీ అని మొదలయ్యే విడి వేరియబుల్స్ ఉన్నాయి. అవి ఉంటే ఆ సంగతి వరకు లాంగ్ మాట చెల్లదు. అందరి మీదా ఎల్‌సీ ఆల్ ఉంటుంది. అది ఉంటే మిగతావి ఏం చెప్పినా వినరు.

1/70 చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆస్తి బదిలీకి దేశమంతటికీ 1882 నాటి చట్టం ఉంది. ఏజెన్సీలో భూమికి 1959 నాటి రెగ్యులేషన్ ఉంది, దాన్ని 1970లో గట్టిపరిచారు. అందులో మూడో సెక్షన్ మొదలవడమే, అమల్లో ఉన్న ఇంకే చట్టంలో ఏమున్నా సరే, అనే అర్థంతో మొదలవుతుంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. ఆ నాలుగు మాటలు లేకపోతే కోర్టులో దేశం చట్టం గెలుస్తుందా, ఏజెన్సీ చట్టం గెలుస్తుందా అని తరతరాలు వాదించుకోవాలి. ఎల్‌సీ ఆల్ అంటే అదే, ఇంకెక్కడ ఏమున్నా సరే అనే మాట. తేడా ఒక్కటి. చట్టంలో ఆ మాట ఎవరు, ఎందుకు పెట్టారో రాసి ఉంటుంది. కంప్యూటర్లో ఉండదు. ఎప్పుడో ఎవరో ఏదో అవసరానికి పెట్టి మర్చిపోతారు.

ఇక విండోస్. దీని పూర్వీకుడు ఎంఎస్ డాస్. 1983లో వచ్చిన రెండో వెర్షన్‌లో యూనిక్స్ నుంచి ఫోల్డర్లు, పాత్, సెట్ కమాండ్ తెచ్చుకున్నారు. యూనిక్స్‌లో పాత్ లోపల ఒక చోటుకీ ఇంకో చోటుకీ మధ్య కోలన్ పెడతారు. డాస్‌లో డ్రైవ్ పేరు పక్కనే కోలన్ ఉంటుంది కాబట్టి సెమీకోలన్ పెట్టారు. లినక్స్ పాఠం చూసి విండోస్‌లో కోలన్ పెట్టి రాత్రంతా కూర్చున్నవాళ్లు ఈ హాస్టల్లో ఉన్నారు, పేర్లు చెప్పం. ఆ రోజుల్లో మూటకి చోటు కూడా తక్కువ. నాలుగు వేరియబుల్స్ ఎక్కువైతే ఎన్విరాన్‌మెంట్‌లో ఖాళీ లేదని డాస్ చెప్పేసేది.

తర్వాత వచ్చిన విండోస్‌లో రెండు అరలు పెట్టారు. ఒకటి సిస్టమ్‌ది, మిషన్ వాడే అందరికీ. ఇంకోటి యూజర్‌ది, మీ ఒక్కరికి. ఇక్కడ మెలిక బాగా గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడిగినా అడుగుతారు. రెండు అరల్లోనూ ఒకే పేరుంటే యూజర్ విలువ గెలుస్తుంది. పాత్ మాత్రం వేరు. దానికి సిస్టమ్ విలువ ముందు పెట్టి, మీది దాని వెనకాల తగిలిస్తారు. వెతికేటప్పుడు ముందు దొరికినదే నడుస్తుంది. అందుకే మీరు కొత్త పైథాన్ మీ పేరు మీద వేసుకున్నా, సిస్టమ్‌లో ఎప్పటిదో పాతది ఉంటే అదే లేచి వస్తుంది. వేర్ పైథాన్ అని కొడితే ఎన్ని ఉన్నాయో, ఏ వరసలో ఉన్నాయో చూపిస్తుంది. మొదటి లైన్‌లో ఉన్నదే నడిచేది. జావా వాళ్లకి ఇంకో తలనొప్పి. జావా హోమ్ ఒక వెర్షన్ చూపిస్తుంది, పాత్ ఇంకో వెర్షన్ చూపిస్తుంది, ఒక సాధనం దీన్ని చదువుతుంది, ఇంకోటి దాన్ని చదువుతుంది.

సెట్ఎక్స్ అనే కమాండ్‌తో పాత్ మార్చకండి. అది 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పైగా పాత పాత్‌ని తెచ్చి దానికి కొత్తది తగిలించమంటే, సిస్టమ్‌దీ మీదీ కలిసిపోయిన పొడవాటి నకలుని తెచ్చి మీ అరలో పడేస్తుంది. సెట్టింగుల కిటికీ తెరిచి చేత్తో చేర్చుకోవడమే నయం.

ఇదంతా చదివాక కూడా మా ప్రశ్న గుర్తులు తేలలేదు. ఎందుకంటే అందులో సగం కథ పాత్‌ది కాదు, తెలుగుది.

కంప్యూటర్లో అక్షరాలకి మొదట కుదిరిన ప్రమాణం ఆస్కీ, 1963. మొత్తం 128 గుర్తులు. ఇంగ్లిషుకి సరిపోతాయి, మన అ కూడా అందులో లేదు. మన దేశంలో భారతీయ లిపులకి ఇస్కీ అని ఒక ప్రమాణం చేశారు, 1991లో బీఐఎస్ దాన్ని ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగు ఉంది. ఉన్నా ఏళ్ల తరబడి డీటీపీ షాపుల్లో అను ఫాంట్లే నడిచాయి. అందులో లోపల ఉండేవి వేరే కోడ్‌లు, పైన తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఫాంటు ఇచ్చారు. దాని పేరు గౌతమి. అవును, మన హాస్టల్‌కి కాస్త దూరంలో పారే ఆ పాయ పేరే. ఐతే ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనపడాలంటే రీజనల్ సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల టిక్కు పెట్టుకోవాలి. ఆ టిక్కు తెలియనివాళ్లకి కంప్యూటర్లో తెలుగు లేనట్టే.

ఇంకా లోతుగా ఒకటుంది. యూనికోడ్ రాకముందు విండోస్ ఒక్కో ప్రాంతానికి ఒక్కో కోడ్‌పేజీ పెట్టింది. పశ్చిమ యూరప్‌కి ఒకటి, రష్యన్‌కి ఒకటి, అరబిక్‌కి ఒకటి. తెలుగుకి, హిందీకి, తమిళానికి లేవు. మనం నేరుగా యూనికోడ్‌లోకే వచ్చాం. కాబట్టి ఇండియా అని పెట్టుకున్న మిషన్‌లో కూడా పాత పద్ధతి ప్రోగ్రాములకి పశ్చిమ యూరప్ పేజీ, 1252 నంబరుదే, దొరుకుతుంది. పైథాన్ తెరమీద రాసేటప్పుడు 2016లో వచ్చిన 3.6 నుంచి యూనికోడ్‌నే వాడుతోంది. తెరని ఫైలులోకి మళ్లిస్తే మాత్రం ఇంకో దారిలో వెళ్లి ఆ 1252 పేజీని పట్టుకుంటుంది. అందులో తెలుగు ఉండదు కాబట్టి చార్‌మ్యాప్ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తెరమీద రావడం, ఫైల్లో రాకపోవడం అనే వింత అక్కడిది. దీన్ని దాటడానికే 2018లో పైథాన్ 3.7లో యూటీఎఫ్-8 మోడ్ పెట్టారు. మేం 1 అని పెట్టిన వేరియబుల్ అదే.

ఐతే మాకు చార్‌మ్యాప్ ఎర్రర్ రావాలి కదా. రాలేదు, నోరు మూసుకుని ప్రశ్న గుర్తులు రాసింది. ఇదే మమ్మల్ని తిప్పలు పెట్టింది.

దారి చూపించింది ఒక చిన్న స్విచ్. పైథాన్ పక్కన హైఫన్ పెట్టి పెద్ద ఇ కొడితే, పైథాన్ పేరుతో మొదలయ్యే వేరియబుల్స్ దేన్నీ చదవకుండా నడుస్తుంది. అలా నడిపాం. ఈసారి చార్‌మ్యాప్ ఎర్రర్ వచ్చింది! ఎర్రర్ చూసి చప్పట్లు కొట్టింది ఆ ల్యాబులో మేమే అయి ఉంటాం. వేరియబుల్స్ తీసేస్తే రోగం మారిందంటే, రోగం వేరియబుల్స్‌లోనే ఉంది. వెంటనే సెట్ పైథాన్ అని కొట్టాం. ఆ పేరుతో మొదలయ్యేవన్నీ చూపిస్తుంది. రెండు వచ్చాయి. ఒకటి మేం పెట్టింది. ఇంకోటి పైథాన్‌ఐఓఎన్‌కోడింగ్, దాని విలువ ఆస్కీ, పక్కన కోలన్, రిప్లేస్. సిస్టమ్ అరలో ఉంది, మిషన్ వాడే అందరికీ.

దాని అర్థం, బయటికి వెళ్లే అక్షరాలు ఆస్కీలోనే వెళ్లాలి, ఆస్కీలో లేని అక్షరం వస్తే ప్రశ్న గుర్తు పెట్టెయ్. తెర దగ్గర పైథాన్ దీని మాట వినదు, ఫైలుకి మళ్లించినప్పుడు వింటుంది. యూటీఎఫ్-8 మోడ్ పెట్టినా, బయటికి వెళ్లే దారి వరకు దీని మాటే చెల్లుతుంది. మేం పెట్టిన 1 వృథాగా పోయింది అందుకే. ఇంకెక్కడ ఏమున్నా సరే అనే మాట ఇక్కడ దీనికి ఉంది.

ఎవరు పెట్టారో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఊహించగలం. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, ఆ 1252 పేజీలో లేదు. ఎవరో సీనియర్ బిల్లు ప్రోగ్రామ్ రాసి రూపాయి గుర్తు పెట్టి ఉంటారు, చార్‌మ్యాప్ అని ఆగిపోయి ఉంటుంది, రేపే సబ్మిషన్. ఆస్కీ రిప్లేస్ అని పెడితే ఎర్రర్ పోయింది, రూపాయి ఉండాల్సిన చోట ఒక్క ప్రశ్న గుర్తు వచ్చింది, మార్కులు పడ్డాయి. ఆయనకి ఒక్క గుర్తు పోయింది. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చుని తెలుగులో రాసేవాడు ఒకడు వస్తాడని ఆయనకి తోచి ఉండదు. మేమైనా అదే చేసేవాళ్లమేమో.

ల్యాబు మిషన్‌లో సిస్టమ్ అర ముట్టుకునే హక్కు మాకు లేదు. అవసరం కూడా పడలేదు. నకలు సంగతి తెలుసు కదా. మా కమాండ్ విండోలో సెట్ కొట్టి ఆ వేరియబుల్‌కి ఈక్వల్ టు పక్కన ఏమీ లేకుండా వదిలేశాం. ఆ ఒక్క విండో నకలులో అది పోయింది, మిగతా మిషన్ అలాగే ఉంది. మళ్లీ నడిపాం. తెలుగు వచ్చింది. తర్వాత మిషన్లు చూసుకునే సార్‌కి చెబితే ఆయన సిస్టమ్ అరలోంచి కూడా తీయించారు.

అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఇదేదీ అవసరం లేదు. ఫైళ్లు చదివేటప్పుడు ప్రోగ్రామ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాశాం. రాసేటప్పుడు కూడా తెరని మళ్లించకుండా, ప్రోగ్రామ్ లోపలే ఫైలు తెరిచి అదే ఎన్‌కోడింగ్ చెప్పి ఉంటే, ఏ మిషన్ అరలో ఏమున్నా మా మాటలు మిగిలేవి. ప్రాజెక్టులు చేసే తమ్ముళ్లకి చెల్లెళ్లకి ఇంకోటి కూడా చెప్పాలి. డాట్ ఎన్వ్ ఫైలులో పాస్‌వర్డ్ మార్చినా పాతదే వస్తోందంటే, మిషన్‌లో అదే పేరుతో ముందే వేరియబుల్ ఉందేమో చూడండి. ఆ ఫైలు చదివే లైబ్రరీలు మామూలుగా ముందున్నదాన్ని తుడవవు. కొత్తవి చేర్చే ముందు ప్రోగ్రామ్ చేతిలో నిజంగా ఏముందో అచ్చు వేసి చూడండి. మేం వారంలో ఆరు రోజులు చేర్చడంలోనే పోగొట్టుకున్నాం.

మాటల సంగతి. నోటుబుక్కులో ఉన్నవి రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాం. ఫోన్‌లో నేరుగా టైపు చేసినవే పోయాయి. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు అవ్వ దగ్గర కూర్చున్నాం. మొన్ననే చెప్పాను కదా, రాసుకోలేదా అంది. రాసుకున్నాం, కంప్యూటర్ మింగేసిందవ్వా అన్నాం. నవ్వి మళ్లీ చెప్పింది. చేపల పేర్లు దాదాపు అన్నీ వచ్చాయి. చెట్ల దగ్గర ఆగిపోయింది. మొదటిసారి ఏది చెప్పిందో ఆమెకి గుర్తు లేదు, ఏది అడిగామో మాకు గుర్తు లేదు.

అలా పదకొండు వరసలు మిగిలాయి. ఒకదాంట్లో ఆరు ప్రశ్న గుర్తులు, పక్కన అర్థం గడిలో తొమ్మిది. వాటిని తీసేయకుండా కొత్త ఫైల్లో అలాగే ఉంచాం. మీ ఊళ్లో చెట్లకి, అడవిలో దొరికే దుంపలకి, ఆకులకి వాడే మాటలుంటే, ఏ ఊరో కూడా రాసి పంపండి. ఫైలుగా పంపేవాళ్లు ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోండి. అది తెలియకపోతే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపినా చాలు, మేం కొట్టుకుంటాం.